డైటీషియన్ కావాలంటే ఏ దారి? కర్నూలు, అనంతపురం, కడప పిల్లలకు ఎంపిక సలహా

ఏటా మే, జూన్ వచ్చేసరికి మా ఆస్పత్రి ఓపీ బయట పేషెంట్లతో పాటు ఇంకో రకం మనుషులు నా కోసం కూర్చుని ఉంటారు. ఇంటర్ బైపీసీ అయిపోయిన పాప, పక్కన మార్కుల జాబితా ఫైలు పట్టుకున్న నాన్న. "మేడం, నీట్‌లో సీటు రాలే. డైటీషియన్ కోర్సు బాగుంటాదంటున్నారు. యాడ చేర్పియ్యాల?" అని అడుగుతారు. నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డైటీషియన్‌ని. ఓపీ మధ్యలో ఐదు నిమిషాల్లో చెప్పేస్తే తేలే ప్రశ్న కాదిది. అనంతపురం అమ్మాయికి సరిపోయే దారి కడప అబ్బాయికి సరిపోదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. నీట్ పోయింది కాబట్టి ఇది అనుకుంటే, ఏడాది తిరగకముందే విసుగొస్తుంది. మనుషులు ఏం తింటున్నారు, ఎందుకు తింటున్నారు అని అడిగి తెలుసుకోవడం మీకు ఇష్టమైతేనే ముందుకు చదవండి.

ముందుగా ఏం చూసుకోవాలి

కాలేజీ భవనం, కోర్సు పేరు పక్కన పెట్టండి. నా లెక్కలో చూడాల్సినవి నాలుగు.

మొదటిది, ఆ చదువు వెనక ఆస్పత్రి వార్డు ఉందా? రెండోది, చదువు ముగిశాక గుర్తింపు ఉంటుందా? మూడోది, ఫీజుతో పాటు హాస్టల్, మెస్, ఇంటర్న్‌షిప్ నెలల ఖర్చు అంతా కలిపితే ఇంటికి భారమెంత? నాలుగోది, చదివాక మీరు ఎక్కడ బతకాలనుకుంటున్నారు? సీమలోనే ఉండాలా, హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోవాలా?

వార్డును మొదట ఎందుకు పెట్టానో చెప్తాను. ఒకసారి నా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కు ఒక అమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీలో మంచి మార్కులు. డయాలసిస్ వార్డులో ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వను ఆమెకు అప్పగించాను. కిడ్నీ జబ్బు తేలిన కొత్తలో ఎవరో డాక్టరు అవ్వకు పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమన్నారు. అప్పటికది సరైన సలహాయే. డయాలసిస్ మొదలుకాని కిడ్నీ రోగికి కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల ప్రోటీన్ చాలంటారు. డయాలసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది. కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఎందుకంటే డయాలసిస్‌లో కొంత ప్రోటీన్ బయటికి పోతుంది. ఆ అమ్మాయి ఫైలు మీద కిడ్నీ జబ్బు అన్న మాట చూసి, తక్కువ ప్రోటీన్ చార్టు రాసి చేతికిచ్చింది.

నేను వెళ్లి అవ్వ క్యారియర్ తెరిపించాను. పై గిన్నెలో అన్నం, కింద గిన్నెలో చింతపండు చారు, మూతలో ఇంత ఊరగాయ. అంతే. అవ్వ బరువు 48 కిలోలు, అంటే రోజుకు 48 నుంచి 58 గ్రాముల దాకా ప్రోటీన్ పడాలి. ఆ క్యారియర్లో దానికి సగం కూడా లేదు. గుడ్డు తెల్లసొనలు మొదలుపెట్టమంటే అవ్వకు కోపం వచ్చింది. "అప్పుడు తినొద్దంటిరి, ఇప్పుడు తినమంటిరి. నేను ఏది నమ్మాల పాపా?" అంది. ఆ మాటకు కూర్చుని జవాబు చెప్పడానికి అరగంట పట్టింది. రెండు అంకెలూ ఆ అమ్మాయికి నోటికి వచ్చు. ఏ అంకె ఎప్పుడు వాడాలో, అవ్వకు అది ఎలా చెప్పాలో పుస్తకంలో దొరకలేదు. ఆరు నెలలు వార్డుల్లో తిరిగాక ఆ అమ్మాయే అలాంటి కేసులు ఒంటరిగా చూసుకునే స్థితికి వచ్చింది.

కాబట్టి ఏ కాలేజీకి వెళ్లినా ముందు అడగాల్సిన మాట ఒకటే. "మీ పిల్లలు ఏ ఆస్పత్రిలో, ఎన్ని నెలలు, ఏయే వార్డుల్లో పనిచేస్తారు?" జవాబు తడబడితే లేచి రండి.

గుర్తింపు సంగతి

మన దేశంలో చాలాకాలంగా ఈ వృత్తికి గుర్తింపుగా నిలిచింది ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వాళ్ల ఆర్.డి. పరీక్ష. రిజిస్టర్డ్ డైటీషియన్ అంటే ఆ పరీక్ష గట్టెక్కినవాళ్లు. దాన్ని రాయాలంటే ఈ రంగంలో ఎమ్మెస్సీగానీ పీజీ డిప్లొమాగానీ ఉండాలి, దానిపైన ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ ఉండాలి. డిగ్రీ ఏ సబ్జెక్టులో చేశారో కూడా చూస్తారు. అసోసియేషన్ వెబ్‌సైట్లో అర్హత నిబంధనలు చదివాకే ఏ పీజీకైనా ఫీజు కట్టండి.

రెండోది, 2021లో వచ్చిన జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం. డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు ఈ చట్టం కిందికి వచ్చారు. న్యూట్రిషన్, డైటెటిక్స్‌కు దేశమంతటా ఒకే రకం సిలబస్ ఉండేలా 2025లో కొత్త పాఠ్యప్రణాళిక కూడా విడుదలైంది. ఇప్పుడు ఇంటర్ అయిన పిల్లలు ఉద్యోగంలోకి వచ్చేసరికి ఈ చట్టం కిందే రిజిస్ట్రేషన్ అడుగుతారనుకుని చదువును ఎంచుకోవడం మంచిది.

దీంతో ముడిపడిన ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ లాంటి కోర్సులను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చెప్పేసింది. అంతకుముందు పెళ్లయిన ఆడపిల్లలు, ఉద్యోగం చేసుకునేవాళ్లు ఎంతోమంది దూరవిద్యలో ఎమ్మెస్సీ చేసి ఈ వృత్తిలోకి వచ్చారు. వాళ్ల డిగ్రీల సంగతి వేరు. ఇప్పుడు కొత్తగా చేరాలనుకునేవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. "ఇంట్లో కూర్చునే డైటీషియన్ డిగ్రీ" అని ఫోన్లు చేసేవాళ్లకు డబ్బు కట్టొద్దు. మూడు నెలలు, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులూ అంతే. వాటితో ఆస్పత్రిలో ఉద్యోగం రాదు.

డిగ్రీ: ఎక్కడ మొదలుపెట్టాలి

*అనంతపురం, సత్యసాయి విద్యాసంస్థ.* మన మూడు ఊళ్లలో ఆడపిల్లలకు నేను మొదట చెప్పే పేరు ఇదే. శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థకు అనంతపురంలో ఉన్న మహిళా ప్రాంగణం 1968లో కాలేజీగా మొదలైంది. ఇక్కడ ఫుడ్ అండ్ న్యూట్రిషనల్ సైన్సెస్ డిగ్రీ, పీజీ రెండూ ఉన్నాయి. ట్యూషన్ ఫీజు తీసుకోరు. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. హాస్టల్ క్రమశిక్షణ గట్టిది, ఫోను, బయట తిరుగుడు అంటే కుదరదు. అది కొందరికి బాగుంటుంది, కొందరికి ఊపిరాడదు. పాపను ఒకసారి తీసుకెళ్లి చూపించి, తన మాట వినండి. డబ్బు ఆదా అవుతుందని బలవంతంగా చేర్పించి, ఏడాదికే వెనక్కి తీసుకొచ్చిన కుటుంబాలను చూశాను.

*ఊళ్లో డిగ్రీ కాలేజీ.* కర్నూలు, కడప, అనంతపురంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలు ఉన్నాయి, ఫీజు తక్కువ, ఇంటి నుంచే వెళ్లొచ్చు. 2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) చుట్టూ తిరిగే పద్ధతిలోకి మారాక, మేజర్ ఏదన్నది పాత బీజెడ్సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రోజుల కంటే ఎక్కువ ముఖ్యమైంది. న్యూట్రిషన్, హోమ్ సైన్స్ మేజర్‌గా దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే బయోకెమిస్ట్రీ మేలు. జీవక్రియలు అర్థమైనవాళ్లకు తర్వాత డయాబెటిస్, కిడ్నీ, లివర్ ఆహారం తేలిగ్గా ఎక్కుతుంది. బోటనీయో జువాలజీయో మేజర్‌గా చేసి తర్వాత డైటెటిక్స్‌కు మారదామంటే, ప్రతి పీజీ కాలేజీ గుమ్మం దగ్గరా అర్హత గురించి వాదించాల్సి వస్తుంది.

*గుంటూరు, కమ్యూనిటీ సైన్స్.* ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి గుంటూరు లాంలో కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్. పాత పేరు హోమ్ సైన్స్. ఆహారం, పోషణ ఇందులో ఒక భాగమే. పిల్లల వికాసం, వస్త్రాలు, కుటుంబ వనరులు, విస్తరణ కూడా చదవాలి. ఆస్పత్రి ఉద్యోగమే కావాలనుకునే పిల్లకు ఇది చుట్టుదారి. పల్లెల్లో, చిరుధాన్యాల్లో, మహిళా సంఘాల్లో పనిచేయాలని ఉన్న పిల్లకు మాత్రం దీన్ని మించింది లేదు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో హోమ్ సైన్స్ శాస్త్రవేత్త పోస్టులుంటాయి. కర్నూలు వైపు బనవాసి, అనంతపురంలో రెడ్డిపల్లి, కడపలో ఊటుకూరు కేంద్రాలు మన ఇళ్లకు దూరమేమీ కావు.

*డిగ్రీకే హైదరాబాదు, బెంగళూరు, చెన్నై.* పెద్ద ఊళ్లలో న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ పేరుతోనే డిగ్రీలు దొరుకుతాయి, చుట్టూ పెద్ద ఆస్పత్రులు ఉంటాయి. కానీ మూడేళ్లకు అయ్యే ఖర్చును డిగ్రీలోనే పెట్టేస్తే పీజీకి చేతిలో ఏమీ మిగలదు. ఈ వృత్తిలో పీజీ తప్పదు. డిగ్రీతో ఆపేస్తే ఆస్పత్రుల్లో అసిస్టెంట్ స్థాయి దాటడం కష్టం. మధ్యతరగతి ఇంట్లో డబ్బు ఒక్కసారే పెట్టగలిగితే, అది పీజీలో పెట్టండి. ఇది నా గట్టి అభిప్రాయం.

పీజీ: అసలు ఎంపిక ఇక్కడే

| చూడాల్సింది | డైటెటిక్స్ పీజీ డిప్లొమా | ఎమ్మెస్సీ (న్యూట్రిషన్, డైటెటిక్స్) | ఎన్ఐఎన్‌లో ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ (హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ) |
|---|---|---|---|
| కాలం | సాధారణంగా ఏడాది, ఆపైన ఇంటర్న్‌షిప్ | 2 ఏళ్లు, ఆపైన ఇంటర్న్‌షిప్ | 2 ఏళ్లు |
| బలం | త్వరగా వార్డులోకి వస్తారు | ఆస్పత్రి, బోధన, ప్రభుత్వ పోస్టులు అన్నింటికీ పనికొస్తుంది | పరిశోధన, సర్వేలు, ప్రజారోగ్యం |
| లోటు | లెక్చరర్ ఉద్యోగానికి, పీహెచ్‌డీకి చాలదు | కాలేజీని బట్టి ఆస్పత్రి అనుభవం చాలా తేడాగా ఉంటుంది | సీట్లు తక్కువ, పోటీ గట్టిది |
| ఎవరికి | త్వరగా సంపాదన కావాల్సినవాళ్లకు | ఇంకా తేల్చుకోని వాళ్లకు | అంకెలంటే ఇష్టం, ఓపిక ఉన్నవాళ్లకు |

ఈ పట్టికలో పట్టని విషయాలు కొన్ని ఉన్నాయి.

తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రెండింటిలోనూ హోమ్ సైన్స్ విభాగాలు ఉన్నాయి. పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాసి వెళ్లొచ్చు. సీమ నాలుగు పాత జిల్లాల పిల్లలు అక్కడ స్థానికులే, ఇది పెద్ద సౌకర్యం. కడప నుంచి తిరుపతి దాదాపు 140 కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా హాస్టల్లో ఉంటారు. ఊరినిండా ఆస్పత్రులున్నాయి కాబట్టి ఇంటర్న్‌షిప్‌కు ఊరు మారాల్సిన పని ఉండకపోవచ్చు. కడప అమ్మాయిలకు నేను చెప్పే మొదటి మాట తిరుపతే.

కర్నూలు వాళ్లకు హైదరాబాదు అలవాటు. రైలెక్కితే నాలుగైదు గంటలు. కానీ ఒక మార్పు గుర్తుంచుకోండి. రాష్ట్రం విడిపోయాక పదేళ్లపాటు ఉన్న ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు 2024 జూన్ 2తో ముగిసింది. ఇప్పుడు తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మనం స్థానికేతరులం. సీట్లు తగ్గాయి. రాష్ట్రం దాటి చదివితే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద కూడా ఆశ పెట్టుకోకండి.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, ఈ స్థానిక లెక్కకు బయట ఉంటుంది. దేశమంతటి నుంచి ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటారు. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. మేం రోజూ వాడే అంకెల్లో చాలావరకు అక్కడివే. ఏ ఆహారంలో ఎంత పోషకముందో చెప్పే 2017 నాటి పట్టికలు, ఎవరికి ఎంత అవసరమో చెప్పే 2020 సిఫార్సులు, 2024లో వచ్చిన ఆహార మార్గదర్శకాలు అక్కడి నుంచి వచ్చినవే. న్యూట్రిషన్ చదివినవాళ్లతో పాటు బయోకెమిస్ట్రీ లాంటి డిగ్రీల వాళ్లూ పరీక్ష రాయగలరు. క్రీడా పోషణలో ఎమ్మెస్సీ కూడా ఉంది. అయితే అది ఆస్పత్రి కోసం తయారుచేసే చోటు కాదు. అక్కడ చదివి క్లినికల్ వైపు రావాలనుకుంటే ఇంటర్న్‌షిప్ విడిగా, గట్టిగా చేసుకోవాలి.

అనంతపురం, హిందూపురం, మడకశిర వాళ్లకు బెంగళూరు, మైసూరు దగ్గర. అనంతపురం నుంచి బెంగళూరు దాదాపు 210 కిలోమీటర్లు. మైసూరు విశ్వవిద్యాలయంలో ఫుడ్ సైన్స్ అండ్ న్యూట్రిషన్ విభాగం పేరున్నది. అక్కడే సీఎఫ్‌టీఆర్ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ) ఉంది కాబట్టి ఆహార పరిశ్రమ వైపు మనసు మళ్లితే దారి దగ్గరే. కన్నడం వస్తే సగం పని అయినట్టే, మన సరిహద్దు పిల్లలకు అది వచ్చే ఉంటుంది.

వార్డు అనుభవమే కావాలి, మిగతావి తర్వాత అనుకునేవాళ్లు తమిళనాడు వైపు చూడొచ్చు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో డైటెటిక్స్ పీజీ డిప్లొమా ఉంది. చిత్తూరు దాటితే వెల్లూరే. సీమ నుంచి రోగులు రోజూ అక్కడికి వెళ్తూనే ఉంటారు, కాబట్టి తెలుగు రోగులకు కొదవ ఉండదు. అంత పెద్ద ఆస్పత్రిలో చూసే కేసుల రకాలు ఇక్కడ పదేళ్లకూ కనిపించవు.

ఇంటర్న్‌షిప్: ఇంటికి దగ్గరా, పెద్ద ఊరా?

తల్లిదండ్రులు ఇక్కడే పొదుపు చేయాలనుకుంటారు. "చదువైపోయింది గదా, ఆ ఆర్నెల్లు మనూర్లోనే చేసుకోనీ" అంటారు. ఆ ఆరు నెలలే మిమ్మల్ని డైటీషియన్ చేస్తాయి.

పెద్ద ఊళ్లో కార్పొరేట్ ఆస్పత్రి అయితే ఐసీయూలో ట్యూబ్ ద్వారా ఇచ్చే ఆహారం, అవయవ మార్పిడి, క్యాన్సర్, ఆహార వంటశాల నిర్వహణ అన్నీ చూస్తారు. కొన్నిచోట్ల ఇంటర్న్ నుంచే ఫీజు తీసుకుంటారు, గది అద్దె అదనం. సీమలో కర్నూలు సర్వజన ఆస్పత్రి, కడప రిమ్స్, అనంతపురం సర్వజన ఆస్పత్రి, బత్తలపల్లిలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఆస్పత్రి లాంటివి ఉన్నాయి. వాటిలో ఏది అనుమతిస్తే, పైన ఎవరైనా అనుభవమున్న డైటీషియన్ ఉండి రోజూ మీ చార్టు చూసి సరిదిద్దుతారా అన్నది అడగండి. పైన నేర్పేవాళ్లు లేని చోట ఆరు నెలలు ట్రేలు మోసి వచ్చేస్తారు. వీలైతే నాలుగు నెలలు పెద్ద ఊళ్లో, రెండు నెలలు ఇక్కడ చేయమని నేను చెప్తాను. ఎవరి దగ్గర ఎన్ని నెలలు లెక్కకొస్తాయో ముందుగా రాతపూర్వకంగా తీసుకోండి.

చదివాక: నాలుగు బతుకుదారులు

*ఆస్పత్రి.* మొదటి రెండేళ్ల జీతం చూసి చాలామంది నిరాశపడతారు. మన ఊళ్లలో అది హైదరాబాదు కంటే తక్కువే ఉంటుంది. కానీ ఇక్కడ ఒక పెద్ద తేడా కూడా ఉంది. పెద్ద ఆస్పత్రిలో మీరు పది మందిలో ఒకరు, కిడ్నీ వార్డంటే కిడ్నీ వార్డే. కర్నూలులో పొద్దున డయాలసిస్, మధ్యాహ్నం గర్భిణులు, సాయంత్రం షుగర్ ఓపీ అన్నీ మీవే. ఆస్పత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కావాలన్న ఆస్పత్రులు రోగుల పోషణ స్థితిని నమోదు చేయాలి కాబట్టి మన ఊళ్లలోనూ డైటీషియన్ కోసం వెతుకుతున్నారు. ఉద్యోగంలో చేరేముందు, వంటశాల లెక్కలూ మీ మీదే పెడతారా అని అడగండి. రెండూ ఒక మనిషి మీద పెడితే రోగులకు టైమ్ ఉండదు.

*ప్రభుత్వం.* 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) కింద అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, సీడీపీఓల (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారుల) నోటిఫికేషన్లలో హోమ్ సైన్స్, న్యూట్రిషన్ డిగ్రీలు అర్హతగా కనిపిస్తుంటాయి. స్థిరం, గౌరవం ఉంటాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, అందుకే దానికోసమే ఇంట్లో కూర్చోవద్దు. రెండో రకం, తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లల కోసం నడిచే పునరావాస కేంద్రాలు. ఎక్కువగా కాంట్రాక్టు పోస్టులు. భుజానికి, మోచేతికి మధ్యలో టేపు చుట్టినప్పుడు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వచ్చిన పిల్లలు అక్కడికి వస్తారు. ముందు 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలిచ్చే ఎఫ్-75 పాలు, పిల్లవాడు కుదుటపడ్డాక 100 కేలరీలిచ్చే ఎఫ్-100. తొందరపడి మొదటిరోజే ఎక్కువ పెడితే ప్రాణం మీదికే వస్తుంది. జీతం పెద్దది కాకపోయినా, వచ్చినప్పుడు ఏడ్చే ఓపిక కూడా లేని పిల్లవాడు రెండు వారాల్లో గిన్నె లాక్కుని తినడం చూసే ఉద్యోగం ఇంకెక్కడా లేదు.

*సొంత ప్రాక్టీసు.* ఇప్పుడు అందరి కన్ను దీని మీదే. ఫోన్లో వీడియోలు, ఆన్‌లైన్ ప్యాకేజీలు. కనీసం రెండు మూడేళ్లు ఆస్పత్రిలో చేయకుండా బోర్డు పెట్టొద్దని నేను ప్రతి ఇంటర్న్‌కూ చెప్తాను. బరువు తగ్గాలని వచ్చిన మనిషికి లోపల థైరాయిడ్ ఉండొచ్చు, కిడ్నీ సగం పోయి ఉండొచ్చు, ఇన్సులిన్ మీద ఉండొచ్చు. రిపోర్టు చూసి ఆగాల్సిన చోట ఆగడం వార్డులోనే అలవాటవుతుంది. మొదలుపెట్టేటప్పుడు సొంత గది కంటే, షుగర్ డాక్టరు క్లినిక్‌లో వారానికి రెండు పూటలు కూర్చోవడం మేలు. డబ్బాల పొడులు అమ్మితే కమీషన్ ఇస్తామని వచ్చేవాళ్లను మొదటి రోజే పంపించేయండి. ఒక్కసారి అమ్మితే, తర్వాత మీరిచ్చే ఏ సలహానూ జనం సలహాగా చూడరు.

మన ప్రాంతంలో ప్రాక్టీసుకు ఉన్న బలం భాష, తిండి. షుగరున్న పెద్దాయన "నేను అన్నం మానేసి సంగటే తింటన్నా, అయినా తగ్గలే" అంటాడు. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే రాగుల్లో 67 గ్రాముల దాకా ఉంటుంది. పైగా మన సంగటిలో బియ్యం నూక పడుతుంది. రాగిలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పీచు ఎక్కువ, మంచి గింజే. కానీ ముద్ద ఎంతన్నదే అసలు ప్రశ్న. ఇది అడగాలని తెలియాలంటే సంగటి ముద్ద ఎలా కడతారో తెలిసుండాలి. రంజాన్ నెలలో కర్నూలు, కడప పాతబస్తీల నుంచి వచ్చే షుగర్ రోగులకు సహరీలో (తెల్లవారకముందు తినే భోజనంలో) ఏం తినాలో, మాత్రల టైము గురించి డాక్టరును ఎప్పుడు అడగాలో ఉర్దూలో నాలుగు మాటలు చెప్పగలిగితే వాళ్లు ప్రతి ఏడూ మీ దగ్గరికే వస్తారు. ఆదోని వైపు కన్నడం కూడా అంతే.

*బోధన, పరిశోధన, పరిశ్రమ, విదేశం.* లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్‌లో సబ్జెక్టు హోమ్ సైన్స్, ఎమ్మెస్సీ రెండో ఏడాది నుంచే చదవడం మొదలుపెట్టండి. అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2024 జనవరి 1 నుంచి అక్కడ రిజిస్ట్రేషన్ పరీక్షకు మాస్టర్స్ తప్పనిసరి. పీజీ డిప్లొమాతో ఆగిపోతే ఆ దారి కష్టం.

మరి మీరెవరు?

*డబ్బు ఇబ్బంది ఉన్న ఇంటి అమ్మాయి.* అనంతపురం సత్యసాయి ప్రాంగణానికి దరఖాస్తు చేయండి, పక్కనే ఊళ్లో ప్రభుత్వ డిగ్రీ సీటు కూడా పట్టి ఉంచండి. పీజీకి తిరుపతి. దాచిన డబ్బంతా ఇంటర్న్‌షిప్‌కు.

*అబ్బాయి.* మీకు దారులు కొంచెం తక్కువ, ఎందుకంటే ఈ చదువులు చాలావరకు మహిళా కాలేజీల్లోనే పెరిగాయి. అలాగని భయపడొద్దు. తిరుపతిలో ఎస్వీయూ, ఎన్ఐఎన్, మైసూరు మీకు తెరిచే ఉన్నాయి. క్రీడా పోషణ, జిమ్‌ల వైపు మగ డైటీషియన్లకు గిరాకీ ఉంది. అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల క్రీడా గ్రామం లాంటి చోట్ల పిల్లల ఆటా, తిండీ దగ్గర నుంచి చూసి రండి. డయాలసిస్ వార్డులో ఇంటి యజమానులైన మగవాళ్లు మగ డైటీషియన్‌తో మందు, బీడీ గురించి దాచకుండా మాట్లాడటం నేను చాలాసార్లు గమనించాను.

*పెళ్లై, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ చదవాలనుకునేవాళ్లు.* దూరవిద్య మూసుకుపోవడంతో ఎక్కువ దెబ్బ తగిలింది మీకే, అది నాకు బాధగా ఉంది. హోమ్ సైన్స్, న్యూట్రిషన్ డిగ్రీ ఇప్పటికే ఉంటే పీజీ డిప్లొమా మీకు దగ్గరి దారి. ఏడాది, ఆపైన ఇంటర్న్‌షిప్ నెలలు. అత్తగారో అమ్మో పిల్లలను చూసుకునే కాలం చూసి చేరండి. డిగ్రీ వేరే సబ్జెక్టులో ఉంటే, డైటీషియన్ అన్న పేరు కోసం వెంటపడకుండా ఐసీడీఎస్ నోటిఫికేషన్లు చూడటం మేలు. సోషల్ వర్క్, సోషియాలజీ డిగ్రీలను కూడా అందులో తీసుకోవడం చూశాను.

*డిగ్రీ బయోకెమిస్ట్రీలో చేసినవాళ్లు.* ఎన్ఐఎన్ పరీక్ష రాయండి. రాకపోతే మళ్లీ ఏడాది ఆగి రాయడానికైనా అది తగిన చోటు.

ఫీజు కట్టేముందు ఒక వారం

ఎవరికైనా నేను చివర్లో ఇచ్చే పని ఇది. వంటింటి త్రాసు ఒకటి కొనండి. ఇంట్లో వారం రోజులు, ముగ్గురు మనుషులను రాత్రి భోజనమయ్యాక కూర్చోబెట్టి, పొద్దున లేచినప్పటి నుంచి ఏం తిన్నారో అడిగి రాయండి. "కొంచెం తిన్నా" అంటే ఒప్పుకోవద్దు. ఎన్ని గంటెలు, ఎంత పెద్ద గిన్నె, ఉగ్గానిలో పప్పుల పొడి ఎంత, బజ్జీలెన్ని, టీలో చక్కెర ఎన్ని స్పూన్లు, అన్నీ. మరుసటి రోజు అదే తిండిని వడ్డించి తూచండి. మా ఇంట్లో మామగారు "చిన్న ముద్ద" అన్నది త్రాసు మీద 410 గ్రాములు తూగింది.

మూడో రోజుకే విసుగొచ్చి పుస్తకం మూసేస్తే, ఫీజు కట్టకుండా ఆగండి. ఏడో రోజు కూడా పక్కింటి పిన్నమ్మను పిలిచి అడగాలనిపిస్తే, ఆ పుస్తకం పట్టుకుని ఓపీకి రండి. మొదటి పేజీ నుంచి కలిసి చూద్దాం.